నాన్నగారి అంబాసిడర్ గేరు నా చేతికి ఎందుకు లొంగడం లేదు?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 ఉంది. ఆయన పోయాక ఎనిమిదేళ్లు షెడ్డులోనే నిలబడిపోయింది. ఈ ఏడాది బయటికి తీసి ఇంజిను బాగు చేయించాను. టైర్లు, బ్రేకులు, లోపల మందంగా ఉండే కొత్త మ్యాట్లు, సీటు కవర్లు అన్నీ వేయించాను. స్టార్టింగుకి ఇబ్బంది లేదు, పరుగు బాగుంది. గేర్లతోనే నా ప్రాణం పోతోంది. పొద్దున్నే ఫస్టు గానీ రివర్సు గానీ వేస్తే గరగరమని పళ్లు రాలిపోతాయేమో అన్నంత చప్పుడు. సెకండు నుంచి థర్డుకి వెళ్లేటప్పుడు ఒక్కోసారి స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు మధ్యలో బిగుసుకుపోయి అటూ ఇటూ కదలదు. గుంటూరు రోడ్డు మీద రెండుసార్లు అలా ఆగిపోయాను. పోయిన నెల శ్రీశైలం నుంచి వస్తూ ఘాటు దిగుతుంటే థర్డు దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. గేరు బాక్సు దించి మొత్తం విప్పాలని మెకానిక్ అంటున్నాడు. లేకపోతే ఫ్లోర్ గేరుకి మార్చేద్దామంటున్నాడు. మావారు అమ్మేయమంటున్నారు. నాన్నగారు ఇదే రాడ్డుని రెండు వేళ్లతో మార్చేవారు. నాకు రెండు చేతులూ చాలడం లేదు. బాక్సు పోయినట్టేనా?

జవాబు: అమ్మా, మీరు ఒక జబ్బు రాశాననుకుంటున్నారు గానీ మూడు రాశారు. పొద్దున గరగర ఒకటి, రెండుకీ మూడుకీ మధ్య బిగుసుకుపోవడం ఒకటి, ఘాటులో గేరు ఊడిపోవడం ఒకటి. ఈ మూడూ మూడు చోట్ల పుట్టేవి. మొదటిది ఎక్కువగా క్లచ్ దగ్గర, రెండోది స్టీరింగు గొట్టం కింద ఉండే లివర్ల దగ్గర. మూడోది ఒక్కటే బాక్సు లోపలిది కావచ్చు, అదీ ఖాయం కాదు. మీ మెకానిక్ మూడింటినీ ఒకే బిల్లులోకి ఎక్కించాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. బాక్సు దించితే క్లచ్ కూడా చేతికొస్తుంది, కనబడ్డవన్నీ మార్చేయొచ్చు, మళ్లీ మాట పడక్కర్లేదు. కాకపోతే లివర్ల బుష్షులు (కీళ్లలో పిన్నుల చుట్టూ ఉండే చిన్న గొట్టాలు) అరిగి ఉంటే బాక్సులో పళ్లన్నీ కొత్తవి వేసినా ఆ బిగుసుకుపోవడం పోదు. డబ్బంతా పెట్టాక గుంటూరు రోడ్డు మీద మళ్లీ ఆగితే అప్పుడు మీవారి మాటే నెగ్గుతుంది. కాబట్టి బయటి నుంచి లోపలికి వెళ్దాం, ఖర్చులేని పరీక్షలు ముందు.

మొదటి పరీక్షకి తాళం చెవి కూడా అక్కర్లేదు. చదునైన చోట బండి నిలిపి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ఇంజిను ఆపేసి, క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఎక్కడైనా పడకపోతే బలవంతం చేయొద్దు. ఇటుకలు తీసి బండిని ఒక జానెడు ముందుకి తోసి మళ్లీ ప్రయత్నించండి, పన్నుకి పన్ను ఎదురై ఆగి ఉండొచ్చు. ఇంజిను ఆఫ్‌లో నాలుగూ, రివర్సూ హాయిగా పడి, ఆన్ చేయగానే గరగరమంటే దోషం క్లచ్‌ది కావచ్చు, మీ తొందరది కావచ్చు. ఆఫ్‌లో కూడా బిగుసుగా ఉంటే రాడ్లదో, లోపల గేర్లని జరిపే ఫోర్కులదో. మీరు ఈ పరీక్ష చేశారో లేదో ఉత్తరంలో లేదు. మీ మెకానిక్ చేశాడో లేదో అడగండి.

ఇక గరగర సంగతి. మీ బండి ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకి మన దేశంలో పెరిగిన బిడ్డ. 1489 సీసీ ఇంజిను, నాలుగు గేర్లు. ఆ నాలుగింటిలో సెకండు, థర్డు, టాపు అంటే నాలుగో గేరు, వీటికే సింక్రో ఉంది. ఫస్టుకి లేదు, రివర్సుకీ లేదు. సింక్రో అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్తాను. కదిలే బస్సు ఎక్కేవాడు ముందు దాని పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, ఆ వేగం అందుకున్నాక మెట్టు మీద కాలు పెడతాడు. అలా పరుగెత్తకుండా నిలబడ్డచోటి నుంచే కాలు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. గేరులో ఆ పరుగు పని చేసేది ఇత్తడి రింగు. రెండు చక్రాల వేగం సమానం అయ్యాకే పళ్లని కలవనిస్తుంది. 1928లో కాడిలాక్ వాళ్లు తమ కార్లలో పెట్టినప్పుడు అది పెద్ద విడ్డూరం. తర్వాత చాలా ఏళ్లపాటు కంపెనీలు ఫస్టు గేరుకి మాత్రం ఆ రింగు పెట్టలేదు. బండి ఆగి ఉన్నప్పుడు వేసే గేరుకి ఆ ఖర్చెందుకని వాళ్ల లెక్క. పైగా మీ ఫస్టు పళ్లు నిలువుగా కోసినవి. ఆ గేరులో బండి ఊఁ అని మూలుగుతుంది చూడండి, అది జబ్బు కాదు, ఆ పళ్ల గొంతే అంత.

కాబట్టి ఇప్పటి కార్లలో అలవాటైన చెయ్యి, క్లచ్ తొక్కిన మరుక్షణం ఫస్టులోకి నెట్టేస్తే ఈ బండి అరిచి తీరుతుంది. న్యూట్రల్‌లో ఇంజిను ఆన్‌లో ఉన్నంతసేపూ బాక్సులోని ముందు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ తొక్కాక అది నెమ్మదించి ఆగడానికి కొంచెం టైము కావాలి. పొద్దున్నే చోక్ (చల్లటి ఇంజినుకి పెట్రోలు ఎక్కువ అందించే పిడి) లాగి ఉంటారు కనుక ఇంజిను మామూలు కంటే జోరుగా తిరుగుతూ ఉంటుంది, ఆ షాఫ్టు ఆగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. పొద్దునపూటే గరగర ఎందుకంటే ఇదొక కారణం. ఇంజిను కాస్త వేడెక్కనిచ్చి, చోక్ లోపలికి నెట్టి, ఇంజిను నెమ్మదించాక చూడండి.

అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో ఒకటి నుంచి ఐదు దాకా తాపీగా లెక్కపెట్టి, రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడిందా, క్లచ్ బాగానే ఉంది, తొందర మీది. ఐదు లెక్కపెట్టాక కూడా గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. మన వాళ్లు క్లచ్ పట్టేస్తోంది అంటారే, అదే. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఇంకోటి ఉంది. ముందు మనిషీ గోడా లేని చదునైన ఖాళీ స్థలంలో, బ్రేకు మీద కాలు ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్టు వేసి, మెల్లగా బ్రేకు వదలండి. క్లచ్ తొక్కే ఉన్నా బండి పాకుతోందంటే అనుమానమే లేదు.

ఇక్కడే చెప్పాలి, మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆగింది ఇంజిను దగ్గర కాదు, మ్యాట్ల దగ్గర. ఇరవై ఏళ్ల కిందట నా బండికి కొబ్బరి పీచు మ్యాట్లు వేయించాను, చూడ్డానికి దర్జాగా ఉన్నాయి. వారం తిరక్కుండా రివర్సు గరగరమనడం మొదలైంది. క్లచ్ ప్లేటు పోయిందన్నారు, నమ్మేశాను. బండి వర్క్‌షాపుకి తీసుకెళ్లే రోజు పొద్దున, వాన బురద అంటకుండా మ్యాట్లు తీసి ఇంట్లో పెట్టాను. దారి పొడుగునా ఒక్క చప్పుడు లేదు. పెడలు అడుగుకి చేరే ముందే మ్యాటు అడ్డుపడేది, అంతే. ఆ ఆఖరి అంగుళం లేకపోతే క్లచ్ ముప్పాతిక విడిపోతుంది, మిగతా పాతిక పళ్లని తిప్పుతూనే ఉంటుంది. మీ స్కేలు ఒకటి తీసుకుని పెడలు పై నుంచి అడుగు దాకా ఎంత కదులుతోందో మ్యాటుతో ఒకసారి, మ్యాటు లేకుండా ఒకసారి కొలవండి. తేడా కనబడితే ఆ ఒక్క మ్యాటుకి పెడళ్ల కింద చంద్రవంకలా కోయించేయండి.

మ్యాటు కాదని తేలితే పెడలు లూజు చూడాలి. వేలితో నొక్కితే మొదట కొంచెం ఉత్తినే కదిలి తర్వాత బరువు తగలాలి. ఆ ఉత్తి కదలిక మరీ ఎక్కువైతే క్లచ్ విడిపోదు, అసలు లేకపోతే క్లచ్ జారుతుంది, బేరింగు కూడా అరిగిపోతుంది. ఎంత ఉండాలో బండి మాన్యువల్లో ఉంటుంది, అడ్జస్టుమెంటు పావుగంట పని. యాభై ఏళ్ల బండిలో ఏది కంపెనీది, ఏది మధ్యలో ఎవరో తగిలించింది అనేది చూస్తే గానీ చెప్పలేం. కాబట్టి క్లచ్ రాడ్డుతో పనిచేస్తోందా, ఆయిల్‌తో పనిచేస్తోందా మీరే కిందికి వంగి చూడండి. ఆయిల్‌దైతే డబ్బాలో మట్టం తగ్గిందా, సిలిండరు రబ్బరు దగ్గర చెమ్మ ఉందా చూడాలి. ఎనిమిదేళ్లు కదలకుండా ఉన్న రబ్బర్లు ఇప్పుడు పని చేయమంటే కారడం మామూలే. క్లచ్‌ని రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కాక గేరు సాఫీగా పడితే గొట్టంలో గాలి చేరిందని అర్థం. రాడ్డుదైతే పిన్నులు, వాటి కన్నాలు చూడండి. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే మీ కాలు తొక్కిన దాంట్లో కొంత అక్కడే ఖర్చయిపోతోంది.

ఇవన్నీ బాగుండి కూడా క్లచ్ పట్టేస్తుంటే, అప్పుడు లోపలి కథ. షెడ్డులో నిలబడిన బండిలో క్లచ్ ప్లేటు మధ్య పళ్లకీ షాఫ్టుకీ తుప్పు పట్టి ప్లేటు సాఫీగా జరగదు. లేదా క్రాంకు చివర ఉండే చిన్న కంచు బుష్ ఎండిపోయి షాఫ్టుని పట్టుకుంటుంది. దీనికి బాక్సు దించక తప్పదు. దించినప్పుడు ఆ బుష్ మార్చమని నోరు తెరిచి చెప్పండి. మెకానిక్‌లు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మారుస్తారు గానీ, ఆ బుష్‌ని చాలామంది వదిలేస్తారు.

చెయ్యి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, నాన్నగారి రెండు వేళ్ల రహస్యం సగం ఇందులోనే ఉంది. ఆగి ఉన్నప్పుడు ఫస్టు గానీ రివర్సు గానీ వేయాలంటే, క్లచ్ తొక్కి ముందు సెకండు వైపు రాడ్డుని మెత్తగా నొక్కండి. సెకండు సింక్రో రింగు లోపల తిరిగే షాఫ్టుని పట్టి ఆపేస్తుంది. క్లచ్ వదలకుండా అక్కడి నుంచి ఫస్టులోకి లాగండి, వెన్నలా పడుతుంది. పాత డ్రైవర్లు దీన్ని ఆలోచించకుండా చేసేస్తారు, పక్కన కూర్చున్న వాళ్లకి కనబడదు కూడా. కదిలే బండిలో సెకండు నుంచి ఫస్టుకి దిగాలంటే మాత్రం డబుల్ క్లచ్ కొట్టాల్సిందే. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు ఒక్కసారి చిన్నగా తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి ఫస్టు. నాకిది నేర్పింది ఒక లారీ డ్రైవరు. పాఠం మొదలుపెట్టే ముందు నా కారులో పాటలు ఆపించాడు. ఇంజిను శబ్దం ఎంత పైకి వెళ్తే గేరు పడుతుందో చెవికి తెలియాలి, మీటరు చూస్తే రాదన్నాడు. నాలుగు రోజులు తిట్టించుకున్నాను, ఐదో రోజు వచ్చింది. మీకు అంత పట్టదు. నిజానికి ఊళ్లో తిరగడానికి, పూర్తిగా ఆగాకే ఫస్టు వేసుకుంటే ఆ అవసరమే రాదు.

ఇప్పుడు రెండో జబ్బు. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే దీనికి భయపడే చాలామంది స్టీరింగు గేరుని పీకి పారేస్తున్నారు. బిగుసుకుపోవడం సెకండుకీ థర్డుకీ మధ్యే అని మీరు సరిగ్గా గమనించి రాశారు. థర్డు నుంచి టాపుకి వెళ్లేటప్పుడు ఎప్పుడైనా ఇలా జరిగిందా? మీరు రాయలేదు కనుక లేదనే అనుకుంటున్నాను. బాక్సులో ఫస్టు, సెకండులని ఒక ఫోర్కు కదుపుతుంది, థర్డు, టాపులని ఇంకో ఫోర్కు, రివర్సుకి వేరే ఉంది. థర్డు నుంచి టాపుకి వెళ్లడమంటే ఒకే వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవడం. సెకండు నుంచి థర్డుకి అంటే వీధి మారాలి. మారే ముందు మొదటి ఫోర్కు కచ్చితంగా నడిమధ్యకి, అంటే న్యూట్రల్‌కి, వచ్చి ఉండాలి. ఏ కొంచెం తక్కువ వచ్చినా లోపలి ఇంటర్‌లాక్ పిన్ను రెండో ఫోర్కుని కదలనివ్వదు. ఒకేసారి రెండు గేర్లు పడితే బాక్సు పగిలిపోతుంది కనుక దాన్ని కాపాడటానికి పెట్టిన తాళం అది. మీ బాక్సు బిగుసుకుపోవడం లేదు, తనని తాను కాపాడుకుంటోంది.

మరి ఫోర్కు న్యూట్రల్‌కి ఎందుకు రావడం లేదు? మీ చేతిలో ఉన్న పిడికీ ఆ ఫోర్కుకీ మధ్య బోలెడు దూరం. రాడ్డు స్టీరింగు గొట్టం వెంబడి కిందికి వెళ్తుంది, అక్కడ రెండు లివర్లు ఉంటాయి. ఒకటి ఏ వీధో ఎంచుతుంది, ఇంకోటి ముందుకీ వెనక్కీ కదుపుతుంది. అక్కడి నుంచి రాడ్లో కేబులో బాక్సు దాకా వెళ్తాయి. ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, ఒక బుష్. ఒక్కో బుష్ దగ్గర ఒక్క మిల్లీమీటరు ఆట వచ్చినా, అన్నీ కలిసి పిడి దగ్గర రెండు మూడు అంగుళాలు అవుతాయి. మీ చేతికి న్యూట్రల్ అనిపించినప్పుడు లోపల ఇంకా సెకండు కొస పట్టుకునే ఉంటుంది.

దీన్ని మీ కళ్లతో చూడొచ్చు. ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, బానెట్ ఎత్తండి. ఇంట్లో వాళ్లని ఒకరిని సీట్లో కూర్చోబెట్టి రాడ్డుని న్యూట్రల్‌లోనే మెల్లగా అటూ ఇటూ ఆడించమనండి. మీరు స్టీరింగు గొట్టం అడుగు దగ్గర చూస్తూ ఉండండి. పిడి కదిలాక ఎంతసేపటికి కింద లివరు కదిలిందో చూడండి. టక్ టక్ మని చప్పుడు ఏ కీలు దగ్గర వస్తోందో అక్కడ వేలు పెట్టి ఉంచండి, అరిగిన బుష్ వేలి కింద తెలుస్తుంది. మీవారిని రమ్మనండి ఈ పనికి, పదినిమిషాలు బండి కింద తల పెడితే అమ్మేయమనే మాట కొన్నాళ్లు వాయిదా పడుతుంది. కాకపోతే బండిని జాకీ మీద ఎత్తి ఒట్టి జాకీని నమ్ముకుని మాత్రం ఎవరూ కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టాకే.

బుష్షులు పెద్ద ఖరీదు కాదు. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కనుక విడిభాగాల కరువు లేదు గానీ, స్టీరింగు గేరు సామాను ఇప్పుడు వెతుక్కోవాలి. మీకు విజయవాడ ఆటోనగర్ గంట దూరం. అక్కడ లేకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్. అక్కడా దొరక్కపోతే పాత బుష్ చేతిలో పట్టుకుని లేతు పనివాడి దగ్గరికి వెళ్లండి. సాగిన కన్నానికి సరిపడా గన్‌మెటల్‌తో చేసిస్తాడు, కంపెనీ దానికంటే ఎక్కువ కాలం వస్తుంది. పిన్నులు కూడా కొత్తవి వేయించండి, అరిగిన పిన్నుకి కొత్త బుష్ వేస్తే ఆర్నెల్లకి మళ్లీ ఇదే పాట. కొత్తవి పడ్డాక రాడ్ల పొడవు న్యూట్రల్‌లో ఉంచి సరిచేయాలి, ఆ తర్వాత గ్రీజు. ఎనిమిదేళ్ల కిందటి గ్రీజు ఈపాటికి మైనంలా గట్టిపడి ఉంటుంది. దాన్ని కిరసనాయిల్‌తో కడిగించకుండా పైన కొత్తది పూయించొద్దు.

ఈలోగా రోడ్డు మీద మళ్లీ బిగుసుకుంటే రాడ్డుతో కుస్తీ పట్టకండి, ఒంగిపోతుంది. బండి పక్కకి తీయించి, ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, బానెట్ ఎత్తండి. కింద ముందుకీ వెనక్కీ కదిపే లివరుని చేత్తో పట్టుకుని మధ్యకి తోయండి. టిక్కుమని తెలుస్తుంది. రాకపోతే హ్యాండ్‌బ్రేకు తీసి బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపించి, మళ్లీ తోయండి. ఒకప్పుడు ట్యాక్సీ స్టాండులో అంబాసిడర్ డ్రైవర్లు దీన్ని బీడీ ఆర్పకుండానే చేసేవాళ్లు. మారుస్తున్నప్పుడు కూడా సెకండు నుంచి ఏటవాలుగా థర్డుకి లాగకండి. ముందు న్యూట్రల్‌కి తెచ్చి, క్షణం ఆగి, వీధి మారి, తర్వాత థర్డు. మూడు ముక్కలుగా. రెండు వేళ్ల రహస్యంలో మిగతా సగం ఇదే.

ఆయిల్ గురించి కాస్త. బాక్సులో ఇప్పుడేం పోసి ఉందో మీకు తెలుసా? చప్పుడు తగ్గుతుందని కొందరు క్రౌనులో (వెనక ఇరుసు గేర్లలో) పోసే 140 నంబరు ఆయిల్‌ని బాక్సులోనూ పోసేస్తారు. చలిపూట అది బెల్లం పాకంలా ఉంటుంది. సింక్రో రింగు దాన్ని చీల్చుకుని పట్టు సాధించేసరికి గేరు గట్టిగా తగులుతుంది. ఇంగ్లండులో ఈ కుటుంబం బాక్సుల్లో కొన్నింటికి ఇంజిను ఆయిలే పోసేవారంటే ఎంత పలచనిది చాలో ఊహించుకోండి. మాన్యువల్లో ఏ గ్రేడు ఉంటే అదే పోయించండి. గేరు ఆయిల్ అని ఉంటే డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నదే కొనండి. జీఎల్-5 రకంలో గంధకం మందు ఎక్కువ, అది క్రౌను పళ్లకి మంచిదే గానీ ఇత్తడి రింగులకి పడకపోవచ్చు. షాపువాడు 5 అంటే 4 కంటే మేలే కదా అంటాడు. తల ఊపి, 4 ఇమ్మనండి.

పాతది తీసేటప్పుడు ఒక జాగ్రత్త. కింది బోల్టు విప్పే ముందు పైన నింపే బిరడా విప్పి చూడండి. అది తుప్పుపట్టి రాకపోతే, కిందిది తీసి ఆయిలంతా కార్చేశాక మీరు ఇరుక్కుపోతారు. ఇది నాకెలా తెలుసని అడగొద్దు.

ఇక ఘాటులో ఊడిపోయిన థర్డు. మూడింటిలో ఇదొక్కటే ప్రమాదం, కాబట్టి ఇది తేలేదాకా శ్రీశైలమూ వద్దు, తిరుమలా వద్దు. ఆ కాలపు అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. దిగుడులో ఇంజిను పట్టు పోతే బరువంతా వాటి మీదే పడి వేడెక్కిపోతాయి. చేత్తో రాడ్డుని పట్టుకుని నడిపిస్తానని కూడా అనుకోవద్దు. అలా పట్టుకుంటే ఫోర్కు అంచు గేరు గాడికి రాసుకుని అరుగుతూ ఉంటుంది, చిన్న ఖర్చు పెద్దదవుతుంది.

గేరు ఊడటానికి మొదటి అనుమానితులు మళ్లీ బయటే ఉన్నారు. పైన చెప్పిన బుష్షులు అరిగితే గేరు సగమే పడుతుంది. యాక్సిలరేటరు తొక్కినంతసేపూ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కాలు తీయగానే బరువు తిరగబడి జారిపోతాయి. దిగుడులోనే ఎందుకు ఊడిందో చూశారా. రెండో అనుమానితులు ఇంజిను, బాక్సు మౌంటింగు రబ్బర్లు. ఆయిల్ తాగి ఉబ్బి మెత్తబడి ఉంటే బాక్సు కింద ఊగుతుంది, స్టీరింగు గొట్టం మాత్రం బాడీకి బిగించి కదలకుండా ఉంటుంది. ఈ రెండింటి మధ్య రాడ్లు గేరుని లాగేస్తాయి. స్టాండ్ల మీద ఉన్నప్పుడే బాక్సు వెనక మౌంటింగు దగ్గర చెక్క ముక్కతో పైకి ఎత్తి చూడమనండి, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఉంటే నోరు తెరుచుకుంటుంది.

బుష్షులు, మౌంటింగులు అయ్యాక కూడా థర్డు ఊడుతుంటే, అప్పుడు మీ మెకానిక్ చెప్పిందే సరి. లోపల ఫోర్కుని పట్టి ఉంచే గుండు కింది స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు, ఫోర్కు అరిగి ఉండొచ్చు, పళ్ల అంచులు గుండ్రబడి ఉండొచ్చు, బేరింగు ఆడుతూ ఉండొచ్చు. బాక్సు దించనివ్వండి. దించినప్పుడు విప్పిన భాగాలు మీకు చూపించాకే కొత్తవి వేయమని ముందే మాట తీసుకోండి.

ఫ్లోర్ గేరు సంగతి. కంపెనీవాళ్లే తర్వాత ఇసుజు ఇంజిను అంబాసిడర్‌లో ఐదు గేర్లతో ఫ్లోర్ షిఫ్టు పెట్టారు కనుక అది పాపమేమీ కాదు. కాకపోతే మీ బండిలో అది కావాలంటే కింద రేకు కోయాలి, ముందు పొడుగు సీటు దగ్గర చోటు పోతుంది, ఆ కన్నంలోంచి వేడీ దుమ్మూ వస్తాయి. పైగా 1972 బండి ఇప్పుడు 50 ఏళ్లు దాటింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు లేని అలాంటి బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ఆ నంబరు తీసుకున్నాక రోజూ తిరగడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు కొట్టించుకోవడం వంటి వాటికే రోడ్డెక్కాలి. అందుకని మీరు దానికి వెళ్లాలని నేననను. కానీ రేపు మీకో మీ పిల్లలకో ఆ ఆలోచన వస్తే, ఆఫీసరు ముందు ఆ కోసిన రేకు గురించి వాదించే పని ఎందుకు పెట్టుకోవడం?

ముందు మ్యాటు తీసి చూడండి, తర్వాత ఇంజిను ఆఫ్‌లో గేర్లు, తర్వాత ఐదు లెక్క. ఈ మూడింటి ఫలితం నాకు రాయండి. బాక్సు ఆయిల్ మార్చినప్పుడు పాతదాంట్లో రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూడండి. బంగారు రంగు మెరుపు కనబడితే అది సింక్రో రింగుల పొడి, బూడిద రంగు ముద్దైతే ఆ వయసుకి మామూలు అరుగుదల, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. గరుకుగా ముక్కలు తగిలితే మాత్రం బండి కదపకుండా ఆ ముక్కల్ని కాగితంలో కట్టి ఉంచి, మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి.